బీరువా వెనక గీత

"వరదేమో మన వీధికొచ్చె. పేరేమో ఆయమ్మకొచ్చె. మరి నీకేమొచ్చెనే తస్నీమూ?"

ఆళ్లగడ్డలో పక్కింటి సరస్వతమ్మ ఇట్లా అడిగింది. పదేళ్లుగా తస్నీమ్ పరిశోధించేదీ, నంద్యాల కాలేజీలో పాఠం చెప్పేదీ విపత్తుల నిర్వహణే.

ఆయమ్మంటే హిమజ. ఒకే పీహెచ్‌డీ గైడు దగ్గర తస్నీమ్ కన్నా రెండేళ్లు వెనక చేరి, ముందుగా యూనివర్సిటీ ఉద్యోగం కొట్టేసిన పిల్ల. హిమజ పేపరు అచ్చయినప్పుడల్లా తస్నీమ్ అభినందనలు పంపేది. ఆ పూట అన్నం సయించేది కాదు. చదువు మనసును విశాలం చేస్తుందని సన్మాన సభల్లో చెబుతుంటారు. చెప్పేవాళ్లెవరూ ఒకే గైడు దగ్గర చదివి ఉండరు.

నవంబరులో వాగు పొంగి తస్నీమ్ పుట్టిన వీధిని ముంచింది. నీళ్లు తీశాక గోడల మీద బురద గీత మిగిలింది. నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో చెప్పేది ఆ గీతే. దాన్ని పట్టుకున్నవాళ్లకే వరదల మీద ప్రభుత్వమిచ్చే పెద్ద పరిశోధన ప్రాజెక్టు. తస్నీమ్ ఇంటింటికీ తిరిగి టేపుతో కొలిచి పెట్టుకుంది. రాయడం మాత్రం వాయిదా వేస్తూ పోయింది. తన వీధి ఎక్కడికి పోతుంది?

ఒకరోజు హిమజ ఫోన్ చేసింది. "అక్కా, మీ వీధిలో గీతలు ఇంకా ఉన్నాయా? శుక్రవారం వస్తాను."

"ఉన్నాయి, రా."

ఆ ఫోన్ పెట్టేసి, సున్నం కొట్టే మాబాషాకు చేసింది.

"రంజాన్ వస్తాంది భాయ్. వీధంతా లోపలా బయటా సున్నం కొట్టు. శుక్రవారం లోపల కావల్ల."

"వీధంతానా! దుడ్లెవరిస్తారమ్మా?"

"నేనిస్తా."

వీధి వీధంతా ఆమె మంచి మనసును పొగిడింది. తస్నీమ్ కాదనలేదు.

శుక్రవారం తెల్లటి గోడలు చూసి హిమజ ముఖం వాడిపోయింది. తస్నీమ్‌కు పండగ ముందే వచ్చినట్టయింది. సరస్వతమ్మ ఇంట్లో టీ తాగుతూ హిమజ బీరువా కాళ్ల తుప్పు వైపు చూసింది.

"అవ్వా, దీన్ని జరపొచ్చా?"

"జరుపుకోమ్మా. మాబాషా ఏనాడూ కదపడు. నడుము పట్టిందంటాడు."

బీరువా వెనక గీత చెక్కుచెదరకుండా ఉంది. ప్రతి ఇంట్లోనూ ఒక బీరువా ఉంది. ఈ వీధిలో పుట్టింది తస్నీమ్. బీరువాల సంగతి తట్టింది మాత్రం హిమజకు.

ప్రాజెక్టు ఎవరికివ్వాలో తేల్చే కమిటీ వచ్చినప్పుడు హిమజ గీతలు చూపించింది, తస్నీమ్ అంకెలు చూపించింది. ప్రాజెక్టు హిమజకే దక్కింది.

సున్నం కూలిలో మాబాషాకు తస్నీమ్ ఇంకా ఆరు వేలు ఇవ్వాలి.