ఆనెకు చెప్పిన మందు

తమ్ముడు రామయ్యకు,

నా కొక్కిరిబిక్కిరి రాతకూ తప్పులకూ ఏమీ అనుకోకు. మన ఊరి బడిలో నేర్చినంతే.

అశోక్‌నగర్ వెనక బండల సందున నక్కఉల్లి ఉందని రాశానుగా. ఈ చుట్టుపక్కల నేను చూసింది ఆ ఒక్కచోటే. పోయిన నెల పక్కింటి యాదమ్మ కాలి ఆనెతో కుంటుతుంటే, ఆ గడ్డ కాల్చి కట్టమన్నాను. నేను నోరు విప్పేదే తక్కువ.

ఈ రోజు చిక్కడపల్లిలో కూరగాయల దగ్గర ఎదురైంది.

"తాతా, నీ మందుతో మంచిగైంది! గల్లీల అందరికి చెప్పిన. సంచులు పట్కపోయి తవ్వుకొచ్చిండ్రు."

"అన్నీనా?" అన్నాను.

"ఒక్కటి గూడ ఇడువలే. పరేషాన్ గాకు, ఉల్లిగడ్డనే గద, మళ్ళ మొలుస్తది."

వెళ్లి చూశాను. గుంతలే ఉన్నాయి. పూత మీదున్న కాడలు పక్కనే వాడి పడున్నాయి, ఒక్క గింజా కట్టలేదు. ఇక ఏది మొలుస్తుంది? ఆమెనేమనను? చెప్పింది నేనే. పాపం, ఆమె ఇప్పుడు కుంటకుండా నడుస్తోంది.

మన గుట్ట మీద ఇంకా ఉందేమో చూసి తొందరగా జాబు రాయి. ఎందుకు వెతుకుతున్నావని ఎవరైనా అడిగితే, మందుకని మాత్రం చెప్పకు.