ఐదు కిలోల అనుమానం

"ఒరేయ్, నువ్వు కనీసం నీ ముక్కునైనా నమ్ముతావా?" అని అక్కగారు ఒకసారి ముఖం మీదే అడిగేసింది. కాటాల మేస్త్రీ అద్దం దగ్గరికి వెళ్లబోయి ఆగాడు. "ఈ అద్దం ఎవరి దగ్గర కొన్నావో ముందది చెప్పు" అన్నాడు.

ఆయనకున్న జబ్బు అదొక్కటే. వాన పడుతోందని ఎవరైనా అంటే రెండు కిటికీల్లోంచి రెండు చేతులూ బయటపెట్టి చూస్తాడు. గోడమీది క్యాలెండరు మంగళవారమంటే పక్కకొట్టు క్యాలెండరు చేత సాక్ష్యం చెప్పిస్తాడు. కొట్లవాళ్ల కాటాలు బాగుచేసి, ముల్లు సరిపెట్టి ఇవ్వడం ఆయన వృత్తి. అనుమానంతో కడుపు నిండే వృత్తి లోకంలో ఇదొక్కటే కాబోలు.

ఆయన కొట్లోకి ఆ అక్కగారి కూతురు, ఇరవై రెండేళ్ల మేనకోడలు, పనికొచ్చింది. ఆమెకు ఆటిజం. ట్యూబులైటు రొద అందరికన్నా ఆమెకే ఎక్కువ వినపడుతుంది. మనుషుల మొహాల్లోకి చూస్తే చెప్పాల్సిన మాట జారిపోతుంది. జవాబు రావడానికి కాస్త సమయం పడుతుంది, అంతసేపూ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ సందులో అమ్మ జవాబు చెప్పేస్తుంది. ఇరవై రెండేళ్లుగా ఆమె నోటి నుంచి రావలసినవి అమ్మ నోటి నుంచే వచ్చాయి, పైన క్షమాపణ కొసరు: "మా అమ్మాయి కొంచెం అదీ... ఏమీ అనుకోకండి."

అమ్మ షరతు పెట్టింది. ఒక్క నెల చూస్తుంది, ఒక్క ఫిర్యాదు వచ్చినా కూతుర్ని ఇంటికి తీసుకుపోతుంది. మళ్లీ పని మాటే ఎత్తకూడదు. ఆ ఫిర్యాదు ఎప్పుడొస్తుందా అని రోజూ మధ్యాహ్నం క్యారియరుతో వచ్చి బల్లమీద కాపలా కూర్చునేది.

మొదటిరోజు మామయ్య టీ తాగుతావా అని మేనకోడల్ని అడిగాడు. తాగదంది అమ్మ.

"నువ్వు చెప్పేది నాకు అనుమానం, అక్కా" అని మామయ్య మేనకోడలి వైపు తిరిగి కూర్చున్నాడు. ఆమె ఊగింది. టీ కుర్రాడు రెండు కాళ్లూ మార్చుకుని నిలబడ్డాడు. చివరికి "తాగుతాను" అంది.

మామయ్య మీద ఆమెకూ అనుమానమే. "భలే చేశావమ్మా" అని బుగ్గ నిమిరి, తను మడతపెట్టిన బట్టల్ని చాటుగా విప్పి మళ్లీ మడతపెట్టే మంచివాళ్లను ఆమె చాలామందిని చూసింది. ఈయనా ఆ బాపతేనేమోనని వారం రోజులు కనిపెట్టి చూసింది. ఆయన ఒక్కసారీ భలే అనలేదు. ఆమె సరిచేసిన చిన్న కాటాలను ఆమె ఎదుటే, పళ్లెం నడుమ ఒకసారి, నాలుగు మూలలా నాలుగుసార్లు రాయి పెట్టి చూసేవాడు. తప్పుంటే తప్పనేవాడు. లేకపోతే, "లేదు. ప్రస్తుతానికి." ఆమె ఊగుతుంటే ఎవరైనా గుడ్లప్పగించి చూస్తే, "మీ కాటా అటుంది, ఇటేం చూస్తున్నారు, ఏమైనా పోయిందా?" అని వాళ్లమీదా అనుమానమే.

మూడోవారంలో మామయ్యకు నడుము పట్టేసింది. ఆయన రాని రోజున కిరాణా కొట్టాయన పెద్ద కాటా తెస్తే, ముద్రవేసిన కొత్త కిలో రాళ్లు అయిదు పెట్టి ఆమె ఒక్కతే సరిచేసి పంపింది. అయిదు రోజుల తర్వాత ఆ కాటా తిరిగొచ్చింది, వెనకాలే ఆయన. సరుకు తరిగిపోతోందట.

మామయ్య బీరువాలోంచి తన తండ్రి వాడిన ఐదు కిలోల రాయి తీశాడు. పెద్ద కాటాలన్నిటికీ ఆయన వాడేది అదే. ఇంకొకరి చెయ్యి తగలనివ్వడు. ముద్ర వేయించడానికి తూనికల ఆఫీసుకు కూడా ఇవ్వడు, వాళ్లు మార్చేస్తారని అనుమానం. పళ్లెంలో పెట్టాడు. ముల్లు ఐదుకు రెండు గీతలు ఇవతలే ఆగింది.

అమ్మ క్యారియరు మూత పెట్టేసింది. కిరాణా ఆయన మెత్తబడి, పాపం ఆ అమ్మాయినేమీ అనొద్దనీ, ఇకమీదట తన కాటాను మాత్రం ముట్టుకోనివ్వొద్దనీ అన్నాడు.

"ఎందుకనకూడదు? తప్పుచేస్తే ఎవరినైనా అంటాను" అని మామయ్య ఇటు తిరిగాడు. "నీ తప్పా?"

ఆమె ఊగసాగింది. అమ్మ నోరు తెరిచింది. మామయ్య అటు చూడకుండానే చెయ్యెత్తి ఆపాడు. గోడ గడియారం చాలా సేపు కొట్టుకుంది.

"కాటా తప్పు కాదు" అంది ఆమె. "తాతయ్య రాయి తప్పు. దానిమీద ఐదు అంకె అరిగిపోయింది. అంకె అరిగితే రాయి కూడా అరిగినట్టే."

తన కిలో రాళ్లు అయిదూ పళ్లెంలో పెట్టింది. ముల్లు వెళ్లి ఐదుమీద నిలబడింది. ఈ అయిదూ కలిసి కుట్ర చేశాయేమోనని మామయ్య వాటినీ, ఆ రాయినీ తూనికల ఆఫీసుకు మోయించాడు. కుట్ర లేదు. తాతయ్య రాయే ఇరవై గ్రాములు తక్కువ. దుమ్ము చేరి బరువు పెరుగుతుందన్న అనుమానంతో ముప్పై ఏళ్లుగా ప్రతి సాయంత్రం ఆయనే దాన్ని గరుకు కాగితంతో రుద్దుతున్నాడు.

అంటే ఊళ్లో ఆయన సరిపెట్టిన పెద్ద కాటాలన్నీ కొట్లవాళ్లకే లాభం చూపిస్తున్నాయి. కిరాణా ఆయన సరుకు తరగడం లేదు, మొదటిసారి సరిగ్గా తూగుతోంది. ఆ సంగతి విని ఆయన అంత సంతోషించలేదు.

మర్నాటి నుంచి మామయ్య మేనకోడల్ని వెంటబెట్టుకుని కొట్టుకొట్టుకూ తిరిగాడు. "ఈవిడా చేసేది?" అని ఎవరైనా నసిగితే, "నా పనిలో తప్పు పట్టింది ఈవిడే. ఇంకా నన్నే చెయ్యమంటారా?" అనేవాడు. నాలుగో కొట్టుకు వచ్చేసరికి ఆ నసుగుడుకు జవాబు ఆమే చెప్పింది, ఊగుతూనే.

నెల నిండిన రోజు అక్కగారు వచ్చింది. "ఎవర్నీ నమ్మనివాడివి, దీన్ని మొదటిరోజే ఎలా నమ్మావురా?"

"నమ్మలేదు" అన్నాడు. "దీని గురించి డాక్టరు చెప్పిందీ, స్కూలువాళ్లు చెప్పిందీ, నువ్వు చెప్పిందీ కూడా నమ్మలేదు. అంతే."

అక్కగారు కూతురి వైపు తిరిగి, టీ తాగుతావా అని అడిగి, జవాబు కోసం ఆగింది.

ఆ కొట్లో పాతికేళ్ల నాటి బోర్డొకటి ఉంది: నా పనిలో తప్పు పట్టినవారికి ఒక నెల జీతం. మేనకోడలు రోజూ సరిగ్గా పదింటికి ఆ బోర్డు చూపించి అడుగుతుంది. తూనికల ఆఫీసు వాళ్లమీద అనుమానం ఇంకా తీరలేదంటాడు ఆయన. ఆ నెల జీతం ఇంకా బాకీయే.