పడవ ముక్కు మీద కొబ్బరికాయ

విమానాశ్రయం కొత్తగా తెరిచిన ఆ రోజుల్లో, శంషాబాద్‌లో మా ఈడు వాళ్లంతా విమానాల దగ్గర ఉద్యోగాలు వెతుక్కుంటుంటే నాకు మాత్రం పడవ దగ్గర పని దొరికింది. ఎండాకాలం బోర్లు కూడా ఎండిపోయే మా ఊళ్లో పడవేమిటని మీరు నవ్వితే నవ్వండి, మా వాళ్లంతా అప్పుడే నవ్వేశారు. నేను పనిచేసే గోదాము యజమాని, గోదావరి జిల్లా నుంచి వచ్చినందుకు మేమంతా గోదావరి సారు అని పిలుచుకునే పెద్దమనిషి, గోవాలో ఎవరో వాడి వదిలేసిన తెరచాప పడవను ముచ్చటపడి కొని లారీలో తెప్పించారు. పక్కపక్కన రెండు సన్నటి ఫైబర్ డొప్పలు, వాటి మధ్య వల బిగించిన చట్రం; కాటమరాన్ అంటారట. లారీలోంచి దించేటప్పుడు కుడి డొప్ప ముక్కు గోడకు తగిలి చిట్లింది. (దించింది నేను కాదు. ఈ మాట అప్పుడు ఎవరూ వినలేదు కనుక ఇప్పుడైనా చెబుతున్నాను.)

"ఆ ముక్కు సంగతి నువ్వే చూడవయ్యా. ఆదివారం హుస్సేన్‌సాగర్‌లో దింపుదాం, మొదటి రౌండు నీతోనే. కానీ దాని మీద ఇంకో గీత పడిందా, ప్రయాణం లేదు," అన్నారు సారు.

అంతవరకు నేను నీటి మీద తేలిన మనిషిని కాను. ఇక ఆగుతానా? షాద్‌నగర్‌లో కార్ల సొట్టలు తీసే మేస్త్రీ దగ్గర కూర్చుని పని నేర్చుకున్నాను. చిట్లిన పెచ్చు గీకి, ఫైబర్ గుడ్డ పరిచి రెజిన్ జిగురు పూసి, పుట్టీ పెట్టి, వాటర్ పేపరు అనే గరుకు కాగితాన్ని తడిపి దానితో చేతులు తిమ్మిరెక్కేదాకా రుద్దాను. డొప్పల కింద పాత టైర్లు వేశాను, ఎండకు రంగు పాడవకుండా టార్పాలిన్ కప్పాను, వెనక బిరడాలు తీసి లోపలి తడి ఆరబెట్టాను. కాకి వాలినా పరుగెత్తాను. శనివారానికి ఆ ముక్కులో నా ముఖం కనబడింది. మీసం కూడా సరిచేసుకున్నాను.

ఆదివారం పొద్దున్నే మా బాపు, అంటే మా నాన్న, పూజ సంచితో దిగాడు. కొత్తగా ఏ బండి వచ్చినా పూజ లేకుండా కదలనివ్వడు ఆయన. (మా అక్క కుట్టుమిషను కూడా తప్పించుకోలేకపోయింది.) "బొట్టు పెట్టి జర దూరం జరుగు బాపూ," అన్నాను. పసుపు, కుంకుమ పెట్టాడు. పడవ ఎక్కించిన ట్రెయిలర్ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే కొబ్బరికాయ ఎత్తి, "గంగమ్మ తల్లీ, మా పోరగాన్ని జర సూసుకో," అంటూ సరిగ్గా నేను బాగుచేసిన ముక్కు మీదే కొట్టాడు. కాయ చక్కగా పగిలింది. ముక్కు కూడా.

"ఏంది బాపూ గిది! వారమంత రుద్దిన!" అని అరిచాను.

"కాయ మంచిగ పలిగింది. ఇగ రంది లేదు," అన్నాడు కొబ్బరి చెక్కలు చూసుకుని మురిసిపోతూ.

న్యాయం కోసం సారు వైపు తిరిగాను. గీత పడకూడదన్న ఆ పెద్దమనిషి చెప్పులు విప్పి, చేతులు జోడించుకుని నిలబడి ఉన్నారు! పైగా, "బాబాయిగారూ, ఒకదానికి కొట్టి రెండోదాన్ని వదిలేస్తే ఏం బావుంటుందండీ? అటు కూడా కానివ్వండి," అని సంచిలోంచి రెండో కాయ తీసి ఆయనే అందించారు. నాకు ఒళ్లు మండిపోయింది. కాకుల్ని తోలింది నేను, చేతులు అరగదీసుకున్నది నేను! పూజ అయ్యాక ప్రయాణం మాత్రం ఆగిపోయింది. అన్న మాట అన్న మాటేనట. ప్రసాదంగా నాకూ ఒక కొబ్బరి ముక్క పెట్టారు. కోపంతోనే తిన్నాను.

మళ్లీ రెండు ముక్కులూ రుద్ది, ఎట్టకేలకు సాగర్‌లో దిగాం. తెరచాప నిండి పడవ కదిలినప్పుడు కలిగిన సంతోషం ఆ తర్వాత ఏ బండీ ఇవ్వలేదు. లోపలికి చుక్క నీరు రాలేదు. ఒడ్డుకు వచ్చేసరికి బాపు అక్కడున్న వాళ్లందరికీ చెబుతున్నాడు: "సూసిన్రా, కాయ కొట్టినందుకే మునగలే." నా పుట్టీ ఊసే లేదు!

మొన్న కారు కొన్నప్పుడు బాపు కాయ ఎత్తగానే ఆయన చెయ్యి పట్టుకున్నాను. "నేల మీద కొట్టు బాపూ!"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నేల మీదనే కొడ్తరు, నాకు తెల్వదా? పడవకు నేల ఏడుంటదిరా?"

ఇన్నేళ్లు దాచుకున్న కోపమంతా ఏం చేసుకోవాలో తోచలేదు. బానెట్టులో నా ముఖం కనబడింది. నెరుస్తున్న మీసం సరిచేసుకుని ఆయన చెయ్యి వదిలేశాను.