అత్తమ్మ కాళ్ల మీద

పాలు పోసే వదిన పరుగెత్తుకుంటా వచ్చి, "మీ ఆయన్ని కంభం రోడ్డు కాడ కర్రలతో కొడతాండారు" అని చెప్పింది. మా గొర్రెలు ఆ కొట్టేవాళ్ల కందిచేలో పడినాయని ఆ దెబ్బలు. ఇంటికి తెచ్చినాక చూస్తే, ఎముక విరగలేదు గానీ ఆయన కుడి పిడికిలి బిగుసుకుపోయింది. అది తెరుచుకోకపోతే గొర్రెను పట్టేదెట్ల?

మరిది ఆ చేతికి నూనె పోసి బలంగా పిసికేకొద్దీ కండ రాయయింది. నొప్పికి ఆయన మోచెయ్యి విసిరితే నా పెదవి పగిలి రక్తం కారింది.

"అదేమన్నా సంగటి ముద్దనా? లెయ్ పక్కకు!" అని అత్తమ్మ మరిదిని నెట్టింది. పసిబిడ్డకు నీళ్లు పోసేటప్పటి మాదిరి కాళ్లు చాపి, అంత మనిషైన మా ఆయన్ని వాటి మీద బోర్లా పడుకోబెట్టుకుంది. గోరువెచ్చని ఆముదంతో వీపంతా మెల్లగా నిమిరింది.

"ఇవి అమ్మ చేతులు, కొట్టే చేతులు కావు నాయనా."

ఆయన వెక్కివెక్కి ఏడ్చినాడు. ఏడుపు ఆగేసరికి వేళ్లు విచ్చుకున్నాయి. దేవుడి దయ.

ఇప్పుడు అత్తమ్మ లేదు. మీరు దీపం పెట్టేటప్పుడు ఆమెను ఒక్కసారి తలుచుకోండి.