ఎర్ర రంగు దుమ్ము

తొంభైల మొదట్లో నేను, మా ఆయన తెనాలిలో ఒక పాత రైసు మిల్లు పడగొట్టే పనికి వెళ్లేవాళ్లం. మా ఆయన ఇనుప దూలాల మీది ఎర్ర రంగు గోకేవాడు, నేను తట్టలు మోసేదాన్ని. ఆ దుమ్ము మా అన్నంలో కూడా పడేది. కొన్నాళ్లకు ఆయనకు కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. మణికట్టు వాలిపోయి గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు. ఆ రంగులో సీసం ఉందని, అది విషమని, మాస్కు కట్టుకుని, తడిపి గోకాలని డాక్టరు గారు చెప్పారు.

మర్నాడే కాంట్రాక్టరును అడిగాను. "బాబుగారూ, నీళ్లు కొట్టించండి. అందరికీ మాస్కులు ఇప్పించండి."

"నీ మొగుడు తాగి చేతులు పడేసుకుంటే నాదా తప్పు? నోర్మూసుకుని తట్ట ఎత్తు," అని అందరి ముందూ అరిచాడు.

మా ఆయన మందు ముట్టని మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్ల పైపు లాక్కొచ్చి దూలాల మీద వదిలాను. అతను పైపు గుంజుకోబోతే నీళ్లన్నీ అతని తెల్ల చొక్కా మీదే పడ్డాయి. కొట్టడానికి చెయ్యెత్తాడు. తట్టలు మోసే ఆడవాళ్లంతా వచ్చి నాకు అడ్డంగా నిలబడ్డారు.

"అక్క మీద చెయ్యి పడితే ఊరుకోమండి," అంది వాళ్లలో ఉన్న మరియమ్మ.

ఆ రోజే మమ్మల్నందరినీ పనిలోంచి తీసేశాడు. తర్వాత ఒకరోజు వేమూరు బస్సులోంచి చూస్తే, కొత్త కూలీలు ఆ మిల్లులో పొడిగానే గోకుతున్నారు. బస్సు ఆపించి దిగి, గేటు బయటినుంచే వాళ్లకు సంగతంతా అరిచి చెప్పాను. కొందరు పని ఆపి బయటికి వచ్చేశారు.

మా ఆయన చెయ్యి మళ్లీ మామూలు కాలేదు. ఆ కాంట్రాక్టరు మీద నా కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలని కూడా లేదు.