అక్క పెట్టుకున్న నల్లజీడి బొట్టు

నిన్న ఇచ్చోడ అంగడిలో ఒకామె ఎండిన నల్లజీడి పండ్లు అమ్ముతుంటే చూసి మా అక్క గుర్తొచ్చింది. మీకు గుర్తున్నాయా? నారింజ రంగు పండు తియ్యగా ఉంటుంది. దాని కొసకు అంటుకున్న నల్లగింజ రసం మాత్రం ఒళ్లు కాలుస్తుంది. మా చిన్నప్పుడు ఊరి చాకలి తాత ఆ రసంతోనే బట్టలకు గుర్తులు పెట్టేవాడు. ఎన్ని ఉతుకులకూ పోయేవి కావు.

అది చూసి మా అక్కకు ఆశ పుట్టింది. ఒకరోజు అడవిలో గింజ చితక్కొట్టి నుదుట బొట్టు పెట్టుకుంది.

"ఇగ జన్మల చెరగదే!" అని మురిసిపోయింది.

మరునాడు వాకిట్లో ఎండ పడ్డాక, అక్క పక్కలోంచే అడిగింది.

"చెల్లె, ఇంక తెల్లారలేదా?"

తిరిగి చూసి కేక పెట్టాను. ముఖమంతా పొక్కి, ఉబ్బి, రెండు కళ్లూ పూడుకుపోయాయి.

"అయ్యో, నా బిడ్డ కండ్లు పాయె!" అంటూ అవ్వ కూలబడింది. బాపు అక్కను సైకిలెక్కించుకుని దవాఖానకు తీసుకుపోయాడు.

వాపు దిగేదాకా నేను ఆమె పక్కనే ఉన్నాను. చివరికి ఒక కన్ను సన్నగా తెరుచుకుంది. ఏడ్చి ఏడ్చి కళ్లూ ముఖమూ వాచిన నన్ను చూసి అక్క ఉలిక్కిపడింది.

"నీ మొఖం గట్ల ఉబ్బిందేందే? నువ్వు గూడ పెట్టుకున్నవా?"