చిటికెడు గారు, గుప్పెడు పాలిమర్

దేన్లోనైనా చిటికెడుకు మించి వెయ్యకపోవడమే నేరమన్నట్టు, మా షాంపూ ఫ్యాక్టరీ వాళ్లు కెమిస్టు చిటికెడు గారి బల్లను ప్రయోగశాలలోంచి ఎత్తి మెట్ల కింద పడేశారు.

ఆయన టీలో పంచదార చిటికెడు. తిట్టు కూడా చిటికెడే: "ఊఁ!" మెచ్చుకోలు ఇంకా తక్కువ: "పర్లేదు." ఆయన భార్య అనేవారు, "పెళ్లైనప్పట్నుంచీ ఈయన పొగడ్తలన్నీ పోగేసినా చెంచా నిండదు."

డిగ్రీ లేకుండా, పాత పుస్తకాలు చదివి, లోకమంతటి మీదా కోపం పెంచుకుని నేను ఆయన దగ్గర సహాయకుడిగా చేరాను.

"షాంపూ చిక్కబడ్డానికి వేసే పాలిమర్‌లో కూడా ఇంత పిసినారితనమేంటి సార్?"

ఆయన వెలుతుర్ని వడగట్టే రెండు పోలరైజర్ పలకల మధ్య ఓ షాంపూ సీసా పెట్టారు. లోపల రంగులు మెరిశాయి.

"సబ్బు అణువులు నీళ్లలో దుప్పట్లు పేర్చినట్టు పొరలుగా సర్దుకుంటాయి రా. అదే ద్రవస్ఫటికం. మనం వాడే పాలిమర్ పొడుగాటి దారం. కాస్త వేస్తే పొరల మధ్య దూరి వాటిని ఎడంగా నిలబెడుతుంది. ఎక్కువేస్తే చోటు చాలక బయటికొచ్చి, పొరల్ని నొక్కేస్తుంది. సబ్బో పక్క, నీళ్లో పక్క."

"అంతేనా?"

"ఊఁ."

అమ్మకాల మేనేజరుకి ఇదంతా పట్టదు. ఒకరోజు వచ్చి, "ఇంకా చిక్కబడాలి. గుప్పెడు వెయ్యి!" అన్నాడు.

"సారు వద్దన్నారండీ."

"మీ సారు మెట్ల కిందున్నాడు. వెయ్యమంటే వెయ్యి!"

వేశాను. తెల్లారేసరికి తొట్టంతా విరిగిపోయింది. పైన ముద్ద, కింద జిగట నీళ్లు.

"చదువులేనివాడి చేతికి గరిటిస్తే ఇంతేనమ్మా. పంపించెయ్యండి" అని మేనేజరు యజమానురాలికి చెప్పాడు. నేను పళ్లు కొరుకుతూ ఏప్రాన్ విప్పుతున్నాను.

అప్పుడు చిటికెడు గారు లోపలికొచ్చి మాట్లాడటం మొదలెట్టారు. ఆపలేదు. యజమానురాలి టీ మీద మీగడ కట్టింది.

"గుప్పెడు వెయ్యమన్నది ఈయనే. మెట్ల కింద కూర్చుంటే అన్నీ వినిపిస్తాయమ్మా! ఇక వీడంటారా, పనీ మందలింపూ కొంచెం కొంచెంగా అందిస్తున్నాను. అంతా ఒకేసారి కుమ్మరిస్తే విరిగి వెళ్లిపోయే రకం. ఇప్పుడిప్పుడే కుదురుకుంటున్నాడు. కదపకండి."

ఆ ఊఁలన్నీ నేనంటే లెక్కలేకేననుకున్నాను ఇన్నాళ్లూ.

"మీకిన్ని మాటలొచ్చా!" అని యజమానురాలు నవ్వేసింది. నా ఉద్యోగం నిలిచింది. మేనేజరుదీ నిలిచింది, అది వేరే సంగతి.

చిటికెడు గారు రిటైరైన రోజు గేటు దాకా వెళ్లి సాగనంపాను. థాంక్స్ చెప్పడం చేతకాక, "ఇవాళ ఆ మేనేజర్ని కడిగేస్తాను సార్" అన్నాను.

ఆయన నా భుజం తట్టారు.

"కోపమంతా ఇవాళే వాడెయ్యకురా. నీకింకా బోలెడు సర్వీసుంది."